వాపసు నీళ్ళు

సికింద్రాబాదులో సముద్రం లేదు. ఆ ముక్క ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. నరసరాజుకు మాత్రం ఎవరు చెప్పాలి? కార్ఖానా అనే పేటలో తన ఈత కొలను గోడకు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించి, దాని మీద ఎగిసిపడే నీలం అల వేయించి, కింద "ఇచ్చట సర్ఫింగ్ నేర్పబడును" అని రాయించాడు. కొలను చూస్తే ఇరవై అయిదు మీటర్లు. అందులో లేచే పెద్ద అల ఏదంటే, లావుపాటి మనిషి ఎవరైనా ధబీమని దూకితే లేచేదే.

భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి నరసరాజు. వయసులో ఉండగా జాతీయ పోటీల దాకా ఈదాడు గానీ పతకం రాలేదు. ఆ రాని పతకం ఆయన్ని ముప్పై ఏళ్ళుగా లోపల్లోపల తింటూనే ఉంది. ఇక కూతురు నీహారిక మెళ్ళో ఏదో ఒకటి వేలాడితే తప్ప ఆయన ప్రాణం కుదుటపడేలా లేదు.

ఆ కొలను నీళ్ళు చూసుకునేవాడు జాన్ సాహెబ్. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పొద్దున్నే రాలిన ఆకులు జల్లెడ కర్రతో తీయడం, క్లోరిన్ ఎంతుందో చూడటం, వారానికి రెండుసార్లు ఇసుక ఫిల్టరులోకి నీళ్ళు వెనక్కి తోసి కడగడం. నీళ్ళ రంగు చూసి, మిషను అవసరం లేకుండానే, ఏం తక్కువైందో చెప్పేవాడు. పంపు గది వెనక రెండు గదుల్లో కాపురం. భార్య షహర్ బానో ఆ గదుల్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఒక్కతే కూతురు సబీహా. డిగ్రీ పాసై, ఏ ఉద్యోగానికి పెట్టినా జవాబు రాక, ఇంట్లోనే ఉండేది.

మధ్యాహ్నం రెండు గంటలసేపు కొలను మూసేవారు. ఆ రెండు గంటలూ సబీహావే. నీళ్ళలో దిగిందంటే చేపపిల్లే. మూడింటికి జనం వచ్చేలోపు బయటికి వచ్చెయ్యాలి, అంతే. నరసరాజు చూసీ చూడనట్టు పోయేవాడు. అలా పోవడం తమ మీద ఆయన చేస్తున్న మేలు అని జాన్ సాహెబ్ నమ్మకం. ఆయనకు ఇలాంటి నమ్మకాలు చాలా ఉండేవి లెండి, అవే ఆయన కొంప ముంచాయి.

ఆ ఏడాది తీరంలోని ఒక సర్ఫింగ్ శిక్షణ సంస్థ ప్రకటన ఇచ్చింది. సముద్రం లేని ఊళ్ళ నుంచి ఒక్క అమ్మాయిని ఎంచుకుని, ఏడాదిపాటు ఉచితంగా తిండీ బసా ఇచ్చి నేర్పి, తర్వాత అక్కడే నేర్పేవాళ్ళలో ఒకరిగా ఉద్యోగం ఇస్తారు. దానికి ఒక్కటే షరతు. బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ, అలలు విరిగే చోటు దాటి అవతలి నిలకడ నీళ్ళలోకి చేరాలి. మధ్యలో ఆపకుండా తీసిన వీడియో పంపాలి.

ఫోనులో అది చదివిన రోజు సబీహా అన్నం ముట్టలేదు. "అబ్బా, గిది నా కోసమే రాసినట్టుంది," అంది తండ్రితో. "డిగ్రీ అడగలే, ఎక్స్‌పీరియన్స్ అడగలే, ఎవరి సిఫారస్ సుత అడగలే. ఈత రావాలె, ధైర్యం ఉండాలె. అంతే గద?"

జాన్ సాహెబ్ వెళ్ళి నరసరాజుకు చెప్పాడు. అక్కడికేదో ఆయనకు తెలియనట్టు! అప్పటికే నీహారిక కోసం సర్ఫ్‌బోర్డు కూడా తెప్పించి ఉన్నాడాయన. "దాందేముంది సాహెబూ, ఇద్దరూ నా పిల్లలే. ఇద్దరి ఫారాలూ నేనే నింపుతా. మన నీహాకి తోడు కూడా ఉంటుంది," అన్నాడు. జాన్ సాహెబ్ ఆ మాటకు పొంగిపోయి ఇంటికొచ్చి షహర్ బానోకు రెండుసార్లు చెప్పాడు.

రెండు నెలలు తర్ఫీదు నడిచింది. అలలు లేని కొలనులో అలల సాధన ఎలా అంటారా? స్టోరులో మూలనపడ్డ పాత బాత్రూమ్ తలుపు ఒకటి ఉండేది. జాన్ సాహెబ్ లుంగీ ఎగ్గట్టి నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, ఆ తలుపును రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ తోసేవాడు. నీళ్ళు లేచి వచ్చి పిల్లల మీద పడేవి. లేడీస్ బ్యాచి ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని పడీ పడీ నవ్వేవారు. పెద్ద అల మీదికొస్తే బోర్డుతో సహా నీళ్ళలోకి బోర్లా తిరిగిపోవాలి, బోర్డు వదలకూడదు, అల పైనుంచి పోయాక మళ్ళీ తిరిగి లేవాలి. ఇది నీహారికకూ వచ్చింది, సబీహాకూ వచ్చింది. ఎండకు కాలకుండా షహర్ బానో ఒకే తానులోంచి ఇద్దరికీ ఒళ్ళంతా కప్పే నీలం సూట్లు కుట్టింది. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే ఒడ్డు. వెనకనుంచి చూస్తే ఆమే పోల్చుకోలేకపోయింది.

విశాఖపట్నం వెళ్ళింది నలుగురు. నరసరాజు, నీహారిక, సబీహా, బోర్డు మోయడానికి జాన్ సాహెబ్. యాభై ఆరేళ్ళు వచ్చినా ఆయన అంతవరకు సముద్రం చూడలేదు. చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత అలవాటుకొద్దీ నీళ్ళ రంగు చూడటం మొదలుపెట్టాడు.

అలలు వరసలు వరసలుగా వచ్చి తెల్లగా విరిగి పడుతున్నాయి. ఇన్ని నీళ్ళు ఒడ్డుకొస్తుంటే ఒడ్డు మునగదేం? మళ్ళీ ఎటో పోతుండాలి. కొలనులో అయితే వాపసు పైపు ఉంటుంది, ఫిల్టరుకు నీళ్ళు అటే పోతాయి. ఇక్కడ ఆ వాపసు ఎక్కడ? అలా వెతికి వెతికి, కుడిచేతి వైపు ఒక చోట పట్టుకున్నాడు. అక్కడ నురగ లేదు. వీధంత వెడల్పున నీళ్ళు నల్లగా, మట్టసంగా, లోపలికి జారిపోతున్నాయి. అటు ఇటు అలలు విరుగుతున్నా అక్కడ విరగడం లేదు.

"సార్, గా నల్లటి తోవల పోతే అలలు తక్కువ తగుల్తయ్. నీళ్ళే లోపలికి గుంజుకపోతయ్," అన్నాడు నరసరాజుతో.

నరసరాజుకు చిర్రెత్తుకొచ్చింది. "సముద్రం గురించి నువ్వు చెప్తున్నావా నాకు? నేను పుట్టిందే సముద్రం పక్కనయ్యా! నీహా, ఎదురుగా నేరుగా వెళ్ళిపో. తల దించుకుని లాగెయ్!"

నీహారిక పాపం తండ్రి మాట విన్న పిల్ల. కొలనులో లైను పట్టుకుని ఈదినట్టు గీత గీసినట్టు నేరుగా వెళ్ళింది. మొదటి అల దాటింది. రెండోది బోర్డును నిలువునా లేపి వెనక్కి విసిరింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ విసిరింది. మూడోసారి బోర్డు ముక్కుకు తగిలి రక్తం వచ్చింది. ఇసుకలో కూలబడి, "నా వల్ల కాదు డాడీ," అని వెక్కివెక్కి ఏడ్చింది. నరసరాజు ముఖం గంటుపెట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడు. నీహారిక ముక్కు తుడిచింది సబీహా.

కాసేపటికి ఆయనే అన్నాడు, "సర్లే, వచ్చాం కదా. సబీహా, నీది తీద్దాం పద."

అప్పటికి షహర్ బానో సికింద్రాబాదు నుంచి మూడుసార్లు ఫోను చేసింది. వచ్చే నెల పిల్లను చూడటానికి అల్వాల్ నుంచి ఎవరో వస్తామన్నారు, ముఖం నల్లబడితే ఎలా అని ఆమె దిగులు. ఎండకు రాసుకునే తెల్లటి లేపనం డబ్బా ఇచ్చి పంపింది. "పూసినవా? చెవుల దాకా పూసినవా? కొంచెం పూస్తే కడుక్కపోతది, మందంగ పుయ్యి," అని పోరుపెట్టింది. పెళ్ళాం మాట జవదాటడు జాన్ సాహెబ్. కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, గోడకు సున్నం వేసినట్టు నుదుటి నుంచి గడ్డం దాకా దట్టంగా పూశాడు. నెత్తికి టోపీ కట్టాడు. కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. "జోకర్‌ను చేసినవ్ అబ్బా," అని నవ్వింది పిల్ల.

తర్వాత ఆమె చెవిలో చెప్పాడు. "సార్ చెప్పినట్టు సీదా పోకు బేటా. వచ్చిన నీళ్ళు యాడికెల్లి వాపస్ పోతున్నయో చూసినవా? గా తోవ పట్టు."

సబీహా బోర్డు చంకన పెట్టుకుని కుడివైపు నడిచి, మోకాళ్ళ లోతులో ఆగింది. తొందరపడలేదు. పెద్ద అలలు ఒక గుంపు వచ్చి పడిపోయేదాకా నిలబడి చూసింది. పడ్డాక ఒక్క ఉదుటున బోర్డు మీద బోర్లా పడి చేతులు వేయడం మొదలుపెట్టింది. ఒకటి తర్వాత ఒకటి, నిబ్బరంగా, భుజం దాకా ముంచి వెనక్కి తోస్తూ. నల్లటి నీళ్ళు ఆమెను లోపలికి తీసుకుపోయాయి. సగం దూరం పోయేసరికి ఎడమవైపు నుంచి ఒక అల పక్కకు వాలుతూ మీదికొచ్చింది. పిల్ల కనపడలేదు. బోర్డు అడుగు మాత్రం కనపడింది, తర్వాత అదీ లేదు.

"యా అల్లా!" అన్నాడు జాన్ సాహెబ్. ఎందుకొచ్చిన సముద్రం, ఎందుకొచ్చిన ఉద్యోగం, నా పిల్ల నాకు దక్కితే చాలు అనుకున్నాడు.

నురగలోంచి బోర్డు తిరిగి లేచింది. దాని మీద పిల్ల ఉంది. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా చేతులు వేస్తోంది. ఇంకో అల, మళ్ళీ బోర్లా, మళ్ళీ పైకి. ఆఖరి అల ఇంకా విరగకముందే దాని నెత్తిన ఎక్కి అవతలికి దిగిపోయింది. కాసేపటికి చాలా దూరంలో, నిలకడ నీళ్ళ మీద, బోర్డుకు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చున్న ఒక చిన్న నీలం మనిషి చేయి ఎత్తింది.

జాన్ సాహెబ్ కేకలు పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసినా పట్టించుకోలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "నా బిడ్డ! గామె నా బిడ్డ!" అని పక్కన బఠాణీలమ్మే మనిషికి కూడా చెప్పాడు. బతుకులో ఆయన అంత గట్టిగా అరిచింది అదొక్కసారే. నరసరాజు మాత్రం ఫోను కదపకుండా పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా తీశాడు.

నెల తిరక్కుండానే సంస్థ నుంచి కబురొచ్చింది. సికింద్రాబాదు కొలను నుంచి వచ్చిన వీడియో అందరికీ నచ్చింది, ప్రిసిల్లా మేడమ్ అనే ఆమె వచ్చి అమ్మాయిని చూసి ఖాయం చేస్తుంది అని. కబురు నీహారిక పేరున వచ్చింది. సబీహా ఫారం నరసరాజు బల్ల సొరుగు దాటి బయటికే పోలేదు.

మేడమ్ వచ్చే రోజు పొద్దున నరసరాజు పంపు గదికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ గదిలోకి రావడం పట్టుమని పదిసార్లు కూడా ఉండదు.

"సాహెబూ, క్లోరిన్ వేసే ఆటోమేటిక్ మిషన్లు వచ్చాయంట కదా," అన్నాడు, పైపు మీద చేయి వేసి. "అది పెట్టించుకో, మనిషే అక్కర్లేదు, ఈ గదులు కూడా కలిసొస్తాయి అని అందరూ నా ప్రాణం తీస్తున్నారు. నేనే వద్దంటున్నా. మన సాహెబ్ ఉండగా మిషనెందుకండీ అంటున్నా."

జాన్ సాహెబ్ పానాతో వాల్వు బిగిస్తున్నాడు.

"ఆ వీడియో నీహాదని పంపా. తప్పదయ్యా, దానికింక వయసు దాటిపోతోంది. అక్కడికెళ్తే ఎలాగూ నేర్పుతారు. మన సబీహాకి వచ్చే ఏడు చూద్దాం. ఎవరైనా అడిగితే నువ్వు అనవసరంగా నోరు చేసుకోకు."

తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు. జాన్ సాహెబ్‌కు ఒళ్ళు మండిపోయింది. చేతిలోని పానా ఎత్తి ఆ పైపుకేసి కొడదామనిపించింది. కొట్టలేదు. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? షహర్ బానో మిషను ఏ రోడ్డు మీద పెట్టుకుంటుంది? అయినా నన్నెవరడుగుతారులే, నీళ్ళు చూసుకునేవాణ్ణి అనుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెబితే షహర్ బానో ఊరుకోదని తెలుసు, అందుకే చెప్పలేదు. ఇది పిరికితనం కాదని తనకు తాను చాలాసేపు చెప్పుకున్నాడు.

ప్రిసిల్లా మేడమ్ పదకొండింటికి వచ్చింది. ఎండకు బాగా కాలిన చామనచాయ మనిషి, సూటిగా మాట్లాడుతుంది. నీహారిక కొలనులో నాలుగు వందల మీటర్లు ఈది చూపించింది. బాగానే ఈదింది. తువ్వాలు అందించడానికి సబీహాను నిలబెట్టారు. ఆఫీసు గదిలో మేడమ్ ట్యాబులో వీడియో పెట్టి, "ఆ పక్క తోవ భలే కనిపెట్టావమ్మా. మా దగ్గర ఆర్నెల్లు నేర్చుకున్నవాళ్ళు కూడా అది చూడరు. ఎలా తెలిసింది?" అని నీహారికను అడిగింది.

నీహారిక తల దించుకుంది. సబీహా తువ్వాలు పట్టుకుని ఆ ట్యాబు వైపే చూస్తోంది. తన చేతులు తనకు తెలియవా?

"మేడమ్, అది నేను," అంది.

నరసరాజు గట్టిగా నవ్వి, "పనివాళ్ళ పిల్లండీ, మా అమ్మాయితో పాటే పెరిగింది, చనువు," అన్నాడు.

"నవ్వకండి సార్. నీహారికా, నువ్వు చెప్పు," అంది మేడమ్.

నీహారిక తండ్రి వంక చూసి, వినపడీ వినపడకుండా, "నేనే," అంది.

మేడమ్ వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. తెల్లటి ముఖం, టోపీ, నీలం సూటు. "ముఖం తెలియడం లేదు," అని సబీహా వైపు తిరిగింది. "చూడమ్మా, ఇది నువ్వే అయితే సీటు నీదే. ఇప్పుడే రాసేస్తా. గడువు అయిపోయిందన్న మాట కూడా నేను అనను. కానీ నీ మాటా ఈయన మాటా కాక, అక్కడున్నవాళ్ళు ఇంకెవరైనా చెప్పాలి."

సబీహా ముఖం వికసించింది. "మా అబ్బా ఉండె మేడమ్! ఆ తోవ చూపించిందే మా అబ్బా. పిలిచి అడగండి. ఆయన బతుకుల అబద్ధం ఆడలే. ఆయన కాదంటే నేను ఇంక ఒక్క మాట మాట్లాడ."

ఎవరో వెళ్ళి జాన్ సాహెబ్‌ను పిలుచుకొచ్చారు. తడి కాళ్ళతో గుమ్మంలోనే ఆగిపోయాడు. విషయం మేడమే చెప్పింది, మెల్లగా, గౌరవంగా. "పెద్దవారు, మిమ్మల్ని ఒక్కటే అడుగుతా. ఆ రోజు అలలు దాటింది మీ అమ్మాయేనా? అవునంటే చాలు."

అవును. మూడక్షరాలకు మించి లేదు. నాలుక చివరిదాకా వచ్చింది. కూతురు ఆయన వంక చూస్తోంది. పరీక్ష పాసయ్యానని తెలిసిపోయిన పిల్ల ఫలితం చదివించుకుంటున్నట్టు, ధీమాగా. నరసరాజు కిటికీలోంచి పంపు గది వైపు చూస్తున్నాడు.

"కాదు మేడమ్," అన్నాడు జాన్ సాహెబ్. "మా పిల్ల గట్టు మీదనే ఉండె. నీళ్ళల్ల దిగలే."

తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. భూమి చీలితే బాగుండుననుకున్నాడు. భూమికేం పని? అది చీలలేదు. సబీహా ఏడుస్తుందేమో, మీద పడి అరుస్తుందేమో అని చూశాడు. అరిస్తే బాగుండు. అప్పుడైనా నిజం ఒప్పుకునేవాడేమో.

పిల్ల అరవలేదు. చాలాసేపు తండ్రినే చూసింది. ఆ చేతుల వంక, తడిసిన లుంగీ అంచు వంక చూసింది. ఏదో లెక్క తేలినట్టు తల ఊపి మేడమ్ వైపు తిరిగింది.

"మా అబ్బా చెప్పిందే నిజం మేడమ్. నేనే ఊకె అన్న. మాఫ్ చేయండి."

ప్రిసిల్లా మేడమ్ కళ్ళు చిట్లించింది. ఆమెకు అర్థం కాకపోలేదు. "అలా ఎందుకంటావు? భయపడకు. పోనీ, ఇప్పుడు ఆ నీళ్ళలో దిగి బోర్డు మీద నాలుగు చేతులు వేసి చూపించు. నేను పోల్చుకుంటా."

"ఎట్ల చూపించాలె మేడమ్?" అంది సబీహా. "నాకసలు ఈతే రాదు."

నాలుగేళ్ళ పిల్లప్పుడు పొట్ట కింద అరచెయ్యి పెట్టి ఆమెను నీళ్ళ మీద తేలించింది ఆయనే. ఆ చెయ్యి ఎప్పుడు తీశాడో కూడా తెలియకుండా, పకపకా నవ్వుతూ అవతలి గట్టుకు పోయిన పిల్ల. జాన్ సాహెబ్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

మేడమ్ నిట్టూర్చి కాగితాల మీద నీహారిక పేరు రాసింది. నీహారిక గబగబా లేచి బట్టలు మార్చుకునే గదిలోకి పోయి తలుపేసుకుంది. నరసరాజు చెమట తుడుచుకుని, "సాహెబూ, మేడమ్‌గారికి మంచి చాయ్ పట్రా," అని కేకేశాడు.

జాన్ సాహెబ్ ఫ్లాస్కు తీసుకుని బయటికొచ్చేసరికి సబీహా గేటు దగ్గర ఉంది. చేతిలో ఇంకా ఆ తువ్వాలే.

"బేటా," అన్నాడు. "నన్ను తిట్టు. కొట్టు. గట్లెందుకన్నవ్?"

"నువ్వు అబద్ధం చెప్పినవని పరాయోళ్ళ ముందట నేనెట్లంట అబ్బా?" అంది పిల్ల. గొంతులో కోపం కూడా లేదు. ఉంటే ఆయన తట్టుకునేవాడు.

జాన్ సాహెబ్ చేయి చాచబోయాడు. ఆమె ఆ చేతికి అందకుండా ఒక అడుగు పక్కకు జరిగి, గేటు రెక్క తెరిచి పట్టుకుంది.

"పో, చాయ్ తేపో," అంది. "లేటైతే సార్ గుస్సా అయితడు."

ఆయన ఫ్లాస్కు పట్టుకుని కార్ఖానా బస్టాపు పక్కనున్న హోటలుకు నడిచాడు. నాలుగు చాయ్ చెప్పాడు.